చీటీ ఉంది, మందు లేదు: ఇంగ్లండ్‌లో మెనోపాజ్ చికిత్స

(ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో జరిగిన తెలుగు మహిళల సమావేశంలో ఒక ఫార్మసిస్ట్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దమ్మలకీ, అక్కలకీ, చెల్లెళ్ళకీ. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు బావగార్లు కూడా కూర్చున్నారు. లేచి వెళ్ళకండి, మీరు వినాల్సిన సంగతులూ ఉన్నాయి. భోజనాల ముందు టైమ్ ఇచ్చారు కాబట్టి సాగదీయను.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాదు. మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడే మనిషిని. గుంటూరు వైపు బీఫార్మసీ చేశాను. ఇక్కడికొచ్చాక మనలాంటివాళ్ళ కోసం పెట్టిన ఓస్పాప్ కోర్సు చదివి, పరీక్ష రాసి ఫార్మసిస్ట్‌నయ్యాను. డాక్టరు గదిలో ఏం జరిగిందో మందుల చీటీ చూస్తే కొంత తెలుస్తుంది. చీటీ పట్టుకొచ్చినామె ముఖం చూస్తే మిగతాది తెలుస్తుంది. మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, దాని మందుల విషయంలో ఆ రెండింటికీ పొంతన కుదరడం లేదు.

ఈ దేశంలో ఈ చికిత్స ఎలా ఇవ్వాలో రాసిపెట్టి ఉంది. నైస్ అనే జాతీయ సంస్థ 2015 నవంబరులో మెనోపాజ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 నవంబరులో వాటిని సవరించింది. ఒళ్ళంతా ఒక్కసారిగా ఆవిర్లు పోయడం, రాత్రి చెమటలతో నైటీ తడిసిపోవడం లాంటివి ఉన్న మనిషికి లాభనష్టాలు వివరించి హెచ్ఆర్‌టీ, అంటే తగ్గిపోయిన హార్మోన్లని మందుగా ఇచ్చే చికిత్స, ఇవ్వచూపాలని అందులో ఉంది. 45 దాటిన ఆడమనిషికి లక్షణాలు ఉంటే రక్తపరీక్ష అవసరం లేదనీ, లక్షణాలని బట్టే తేల్చుకోవచ్చనీ ఉంది. కేవలం ఆవిర్ల కోసం డిప్రెషన్ మాత్రలని మొదటి మందుగా మామూలుగా ఇవ్వకూడదని కూడా ఉంది.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం అని చెబితే ముందు సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర రాసిచ్చింది ఎంతమందికి? చేతులెత్తండి. (కొందరు చేతులెత్తారు.) చూశారుగా. డిప్రెషన్ ఉన్నవాళ్ళకి అది మంచి మందే. వాడుతున్నవాళ్ళు నా మాట విని రేపటి నుంచి ఆపేయకండి, అది ప్రమాదం. కానీ రాత్రి చెమటలకి అదే మొదటి మందు అయితే, నైస్ అలా చెప్పలేదు కదా అని అడిగే హక్కు మీకుంది.

మనవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు. వెళ్ళి 'మెనోపాజ్' అని చెప్పం. 'ఒళ్ళు నొప్పులు, కీళ్ళు పట్టేస్తున్నాయి, నీరసం, వేడి చేసినట్టుంది' అంటాం. డాక్టరు వెంటనే విటమిన్ డి చూస్తారు. మన రంగువాళ్ళకి ఇక్కడి ఎండలో అది తక్కువే ఉంటుంది, కాబట్టి దొరికేస్తుంది. మాత్రలు రాస్తారు, కేసు ముగిసింది. కీళ్ళ నొప్పులు మెనోపాజ్‌లో చాలా మామూలు లక్షణం. విటమిన్ డి వాడండి, తప్పు లేదు. దాంతో పాటు నెలసరి ఎలా వస్తోందో, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో అడక్కుండానే చెప్పండి. పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో వాళ్ళు అడిగేదాకా ఆగితే టైమ్ అయిపోతుంది.

అసలు ఆ అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని. పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవడం మీకు తెలియనిది కాదు. రిసెప్షన్‌లో 'ఎందుకు' అని అడిగితే చాలామంది సిగ్గుపడి 'జనరల్ చెకప్' అంటారు. అలా అంటే మూడు వారాల తర్వాత తేదీ ఇస్తారు. 'మెనోపాజ్, హెచ్ఆర్‌టీ గురించి' అని చెప్పండి. చాలా సర్జరీల్లో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కుల్లో, ఈ విషయం బాగా తెలిసిన నర్సో, డాక్టరో, ఫార్మసిస్టో ఒకరుంటారు, వాళ్ళ దగ్గరికి పంపమని అడగొచ్చు. డబుల్ అపాయింట్‌మెంట్ అడగొచ్చు. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాల్సింది సర్జరీయే. ఫోన్‌లో తెలుగు దుబాసీలు దొరుకుతారు. పదో తరగతి చదివే కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని తల్లి తన నెలసరి గురించి చెప్పాల్సిన ఖర్మ లేదు.

ఇక వయసు సంగతి. ఇది మన ఆడవాళ్ళని ప్రత్యేకంగా దెబ్బకొడుతుంది. బ్రిటన్‌లో నెలసరి ఆగే సగటు వయసు 51. మన దేశంలో 46, 47. నాలుగేళ్ళ తేడా. నెలసరి ఆగడానికి కొన్నేళ్ళ ముందు నుంచే లక్షణాలు మొదలవుతాయి. అంటే మనలో చాలామందికి 42, 43లోనే మొదలు. ఇక్కడి డాక్టరు మనసులో ఉన్న లెక్క 51 చుట్టూ తిరుగుతుంది కాబట్టి 'మీకింకా వయసు రాలేదు' అంటారు. నైస్ లెక్కలో కూడా 45 లోపు వాళ్ళు వేరే గడిలో పడతారు. 40 నుంచి 45 మధ్య అయితే అండాశయాలని పనిచేయించే హార్మోన్‌ని కొలిచే ఎఫ్ఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయడం గురించి ఆలోచించమని ఉంది. కాబట్టి 43 ఏళ్ళ మనిషిని 'వయసు రాలేదు' అని పంపించేస్తే, 'అయితే పరీక్ష చేయండి, భారతీయ స్త్రీలకి ముందే వస్తుంది, మా అమ్మకి ఫలానా వయసులో ఆగింది' అని చెప్పాలి. అమ్మకి ఏ వయసులో ఆగిందో అడిగి తెలుసుకోండి. అది గాలికబురు కాదు, వైద్య సమాచారం.

ఇంతకన్నా బరువైన సంగతి గర్భసంచి ఆపరేషన్. మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళ మధ్య ఇది చెప్పకుండా మెనోపాజ్ గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నూటికి ఎనిమిది మందికి పైగా. దేశంలో మనమే ముందున్నాం. చాలామందికి ముప్పైల్లోనే తీసేశారు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, 'ఉంచితే క్యాన్సర్ వస్తుంద'ని భయపెట్టి. ఇది ఎంత దూరం వెళ్ళిందంటే 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, అనవసరపు ఆపరేషన్లని ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పాల్సివచ్చింది.

ఆ ఆడవాళ్ళలో కొందరు ఇప్పుడు ఇక్కడున్నారు. ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు. వాళ్ళకి నెలసరి లేదు, కాబట్టి ఎప్పుడు ఆగిందో చెప్పలేరు. జీపీ, అంటే మన ఫ్యామిలీ డాక్టరు, కంప్యూటర్‌లో ఆపరేషన్ జరిగినట్టే ఉండదు, ఎందుకంటే అది ఎక్కడో నరసరావుపేటలోనో మిర్యాలగూడలోనో ఒక నర్సింగ్‌హోమ్‌లో జరిగింది. అండాశయాలు కూడా తీశారా, ఉంచారా? అడిగితే 'తెలీదమ్మా, సంచి తీసేశారు' అంటారు. ఈ ఒక్క ప్రశ్న మీద చికిత్సంతా ఆధారపడి ఉంది. అండాశయాలు రెండూ తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్. 34 ఏళ్ళకే హార్మోన్ ఆగిపోయిన మనిషికి ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అందుకే వద్దనడానికి గట్టి కారణం లేకపోతే మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ ఇవ్వమని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆవిర్లు ఉన్నా లేకపోయినా. అండాశయాలు ఉంచినా సరే, కొందరిలో అవి మామూలు కన్నా ముందే పని తగ్గిస్తాయి.

ఇంకో కారణానికి కూడా ఆ ఆపరేషన్ వివరాలున్న కాగితం కావాలి. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కటే ఇవ్వకూడదు. లోపలి పొర దళసరై క్యాన్సర్‌కి దారితీయొచ్చు. దానికి కాపుగా ప్రొజెస్టరాన్ అనే రెండో హార్మోన్ కలపాలి. సంచి పూర్తిగా తీసేసినవాళ్ళకి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. సర్విక్స్, అంటే గర్భసంచి ముఖద్వారం, ఉంచేసి పైభాగం మాత్రమే తీశారనుకోండి, పొర కొంచెం మిగిలి ఉండొచ్చు, అప్పుడు మళ్ళీ ఆలోచించాలి. ఏ ఆపరేషనో తెలియకుండా డాక్టరు మందు రాయడానికి వెనకాడితే ఆ డాక్టర్ని నేను తప్పుపట్టను. అందుకని ఇంటికి ఫోన్ చేసి బీరువాలో ఆ డిశ్చార్జ్ కాగితం ఉందేమో వెతికించండి. బయాప్సీ రిపోర్టు దొరికితే ఇంకా మంచిది, ఏమేం తీశారో అందులో రాసి ఉంటుంది. ఫోటో తీయించి సర్జరీకి పంపించి, రికార్డులో ఎక్కించమనండి. దొరకకపోతే అండాశయాలు ఉన్నాయో లేవో స్కాన్‌లో చూసే వీలుందా అని అడగండి.

భయం గురించి. 'క్యాన్సర్ వస్తుందంట కదా' అన్నది నా కౌంటర్ దగ్గర అందరికన్నా ఎక్కువగా వినపడే మాట. ఆ భయానికి పుట్టినరోజు ఉంది: 2002 జులై. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో హెచ్ఆర్‌టీ మీద నడుస్తున్న ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. రొమ్ముక్యాన్సర్ పెరుగుతోందని పేపర్లన్నీ రాశాయి. లెక్క ఏమిటంటే, పదివేల మంది ఒక ఏడాది పాటు ఆ మందు వాడితే 38 మందికి వచ్చింది, వాడనివాళ్ళలో 30 మందికి వచ్చింది. ఎనిమిది మంది తేడా. అది సున్నా కాదు. నేను దాన్ని దాచిపెట్టను, మీ డాక్టరూ దాచకూడదు. కానీ అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. వాడింది పాతరకం మాత్ర, ప్రొజెస్టరాన్‌లా పనిచేసే పాతరకం ప్రొజెస్టిన్‌తో కలిపి. గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో రొమ్ముక్యాన్సర్ పెరగలేదు. ఇవేవీ హెడ్‌లైన్లలోకి ఎక్కలేదు. చదువుకునే రోజుల్లో ఆ హెడ్‌లైన్లు చూసిన డాక్టర్లే ఇవాళ సీనియర్లు.

2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల డబ్బాల మీద ఉండే గుండెజబ్బు, రొమ్ముక్యాన్సర్, మతిమరుపు హెచ్చరికలని తీయించాలని నిర్ణయించింది. అట్లాంటా నుంచో డాలస్ నుంచో మీ అక్కచెల్లెళ్ళు ఆ వీడియోలు వాట్సాప్‌లో పంపే ఉంటారు. చూడండి, కానీ సగం చూడకండి. సంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే ప్రమాదమన్న హెచ్చరికని వాళ్ళు కూడా అలాగే ఉంచారు. ఇంకోటి, చర్మం మీద రాసే జెల్, అంటించే ప్యాచ్ మామూలు మోతాదులో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచవు, మింగే మాత్ర కొంచెం పెంచుతుంది. బీపీ, లావు, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం. 'నీకు బీపీ ఉంది, హెచ్ఆర్‌టీ కుదరదు' అని ఒక్కమాటలో కొట్టేస్తే, 'ప్యాచ్ కూడా కుదరదా?' అని అడగండి. రొమ్ముక్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు స్పెషలిస్టుతోనే మాట్లాడాలి.

సరే, ఇవన్నీ దాటుకుని చీటీ వచ్చింది. ఇక నా కౌంటర్ దగ్గరికి రండి.

2021లో టీవీలో ఈ విషయం బాగా చర్చకొచ్చాక ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. 2022-23లో ఇంగ్లండ్‌లో దాదాపు 1 కోటి 10 లక్షల హెచ్ఆర్‌టీ మందుల చీటీలు నడిచాయి, అంతకు ముందు ఏడాది కన్నా 47 శాతం ఎక్కువ. అంత మందు తయారవ్వాలి కదా. 2022 ఏప్రిల్లో ఈస్ట్రోజెల్ అనే ఈస్ట్రోజెన్ జెల్ దొరక్క ఆడవాళ్ళు ఊళ్ళు తిరిగారు, తెలిసినవాళ్ళ దగ్గర బదులు తీసుకున్నారు. అప్పటి ప్రభుత్వం కోవిడ్ టీకాల టాస్క్‌ఫోర్స్‌ని నడిపిన మాడలీన్ మెక్‌టెర్నన్‌ని తెచ్చి ఈ మందుల కొరత చూడమంది. ఒక్కొక్కరికి మూడు నెలల మందుకి మించి ఇవ్వొద్దని మాకు ఆదేశాలొచ్చాయి. ఆ తర్వాత యుట్రోజెస్టాన్ అనే ప్రొజెస్టరాన్ క్యాప్స్యూల్‌కీ అదే గతి పట్టింది. ఇప్పుడు అంత కరువు లేదు, కానీ ఈ నెల ఒక ప్యాచ్, వచ్చే నెల ఇంకో ప్యాచ్ మాయమవుతూనే ఉంటాయి.

ఇక్కడ మీకు తెలియని సంగతి ఒకటుంది. తెలియక మా మీద కోప్పడతారు. చీటీలో 'ఎవొరెల్ 50' అని బ్రాండు పేరుతో రాశారనుకోండి. నా దగ్గర ఎవొరెల్ లేదు. పక్క అరలో ఎస్ట్రాడాట్ 50 ఉంది. హార్మోన్ అదే, మోతాదు అదే, వారానికి రెండుసార్లు మార్చడమూ అదే. అయినా నేను ఇవ్వకూడదు. కొరత ఉందని ప్రభుత్వం ప్రత్యేక ఆదేశం ఇస్తే తప్ప, చీటీలో రాసిన బ్రాండు మార్చే అధికారం నాకు లేదు. మిమ్మల్ని మళ్ళీ సర్జరీకి పంపాలి, వాళ్ళు మళ్ళీ రాయాలి, దానికి మూడు పనిరోజులు. ఇంట్లో కాఫీపొడి లేకపోతే వేరే బ్రాండు తెచ్చుకున్నట్టు కాదా అని ఒకావిడ అడిగింది. కాదు తల్లీ, చట్టం ఒప్పుకోదు. నా మనసుకి కూడా ఇది బుద్ధితక్కువ పద్ధతే అనిపిస్తుంది.

దీనికో దారి ఉంది. బ్రాండు పేరు కాకుండా మందు పేరుతో రాయమని డాక్టర్ని అడగండి: ఎస్ట్రడయాల్ 50 మైక్రోగ్రాముల ప్యాచ్, వారానికి రెండుసార్లు. అలా రాస్తే ఆ రకంలో నా దగ్గర ఏది ఉంటే అది ఇవ్వగలను. వారానికి ఎన్నిసార్లు అన్నది కూడా రాయించండి, ఎందుకంటే వారానికి ఒక్కసారి మార్చే ప్యాచ్‌లు వేరే ఉన్నాయి. ఒక బ్రాండు జిగురుకి ఒంటి మీద దద్దుర్లు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం బ్రాండు రాయించుకోవడమే మంచిది.

ఇంకో దారి. జెల్, క్యాప్స్యూల్ రెండూ ఒకే చీటీలో వస్తాయి. ఒక షాపులో జెల్ ఉండి క్యాప్స్యూల్ లేకపోతే, జెల్ తీసుకున్న మరుక్షణం ఆ చీటీ ఆ షాపుకి కట్టుబడిపోతుంది. మిగిలిన మందుని పక్క షాపులో తెచ్చుకోలేరు. కాబట్టి ముందు 'రెండూ ఉన్నాయా' అని అడగండి. లేవంటే, ఏదీ తీసుకోకుండా, చీటీని తిరిగి కంప్యూటర్ సిస్టమ్‌లోకి వదిలేయమనండి. ఇంకో షాపువాళ్ళు దాన్ని అందుకుంటారు. మందు మందుకీ వేరే చీటీ ఇవ్వమని సర్జరీని అడిగితే అసలు ఈ గొడవే ఉండదు. ఇవన్నీ చేయాల్సింది రోగేనా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. డాక్టరుకీ షాపుకీ మధ్య వార్తలు మోసే పని రాత్రంతా నిద్రలేని మనిషి మీద పెట్టిన వ్యవస్థ ఇది. ఇంగ్లీషు ధారాళంగా వచ్చి, ఆఫీసు మధ్యలో ఫోన్లు చేసుకోగలిగిన మేనేజరమ్మకి ఇది చిరాకు. కేర్‌హోమ్‌లో పన్నెండు గంటల షిఫ్టులు చేసే మన అమ్మాయికి ఇది గోడ. బాగా ఉన్న ప్రాంతాల్లో ఈ మందులు వాడేవాళ్ళు పేద ప్రాంతాల కన్నా రెండింతలున్నారని లెక్కలు చెబుతున్నాయంటే ఆశ్చర్యం ఏముంది?

(ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: 'క్యాప్స్యూల్‌లో జెలటిన్ ఉంటుందట, నిజమేనా?')

నిజమే, యుట్రోజెస్టాన్ గుల్ల జెలటిన్‌తో చేసిందే, జంతువుల నుంచి వచ్చేదే. ఇది చెప్పడానికి మొహమాటపడి, క్యాప్స్యూల్ పక్కన పడేసి జెల్ మాత్రమే రాసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. ఇందాక చెప్పిన ప్రమాదం అదే. మీ ఆచారం మీది. డాక్టరుకి చెబితే వేరే ఏర్పాట్లున్నాయి: రెండు హార్మోన్లూ కలిపిన ప్యాచ్ ఉంది, గర్భసంచిలో పెట్టే మిరెనా కాయిల్ ఉంది. ప్యాచ్ వాడేవాళ్ళకి ఒక చిన్నమాట, తలంటు రోజున నువ్వులనూనె ఒంటికి పట్టించి, దాని మీద ప్యాచ్ అంటించి ఊడిపోతోందంటే అది ప్యాచ్ తప్పు కాదు. (నవ్వులు)

సూట్‌కేస్ సంగతి కూడా మాట్లాడాలి. ఇక్కడ దొరకడం లేదని హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించుకుంటారు. అక్కడ మందుల షాపులో కొనడం తేలిక. నేను చీదరించుకోను, ఎందుకు తెప్పించుకుంటారో నాకు తెలుసు. కానీ అక్కడి మోతాదులు, రకాలు వేరు కావచ్చు, మీ జీపీ రికార్డులో ఆ మందు ఉండదు. రేపు రక్తస్రావమై హాస్పిటల్‌కి వెళితే ఏం వాడుతున్నారో ఎవరికీ తెలియదు. తెప్పించుకుంటే చెప్పండి, జీపీకైనా, నాకైనా. తిట్టను.

డబ్బు లెక్క త్వరగా చెబుతాను. వీసా మీద ఉన్నవాళ్ళలో చాలామందిమి ఏడాదికి మనిషికి 1,035 పౌండ్ల దాకా హెల్త్ సర్‌చార్జ్ ముందే కట్టి వచ్చాం. అయినా ఇంగ్లండ్‌లో మందుకి మళ్ళీ కట్టాలి, ఒక్కోదానికి 9.90. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కట్టక్కర్లేదు. అరవై దాటితే ఇక్కడా ఉచితం, కానీ మెనోపాజ్ అరవై దాకా ఆగదు కదా! 2023 ఏప్రిల్ నుంచి హెచ్ఆర్‌టీకి ప్రత్యేకంగా ముందస్తు సర్టిఫికెట్ ఉంది: 19.80 పౌండ్లు కడితే ఏడాదంతా జాబితాలోని హెచ్ఆర్‌టీ మందులకి ఇంకేమీ కట్టక్కర్లేదు. జెల్, క్యాప్స్యూల్ ఒక్కసారి తీసుకుంటేనే ఆ డబ్బు చెల్లిపోతుంది. దీని గురించి తెలియక మూడు నెలలకోసారి ఇరవై పౌండ్లు కడుతున్నవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను.

ఆ సర్టిఫికెట్ కిందకి రానిది టెస్టోస్టెరాన్. కోరిక బొత్తిగా తగ్గిపోయి, హెచ్ఆర్‌టీతో కూడా మారకపోతే దాన్ని పరిశీలించొచ్చని నైస్ 2015లోనే చెప్పింది. వెనక బావగార్లు ఇప్పుడు శ్రద్ధగా వింటున్నారు. (నవ్వులు) చాలా ఏళ్ళుగా మగవాళ్ళ కోసం చేసిన జెల్ సాషేని కొంచెం కొంచెంగా వారం పైగా వాడుకోమని ఇస్తున్నారు. అది కూడా మీరు ఏ ఊళ్ళో ఉన్నారన్న దాన్ని బట్టే. 2022లో ఇంగ్లండ్‌ని 42 ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులుగా, అంటే ప్రాంతాల వారీగా వైద్యసేవలు చూసే సంస్థలుగా, విడగొట్టారు, ఒక్కోదానికి సొంత మందుల జాబితా. ఒక చోట జీపీయే రాస్తారు. ఇంకో చోట స్పెషలిస్టు మొదలుపెడితేనే రాస్తారు, ఆ స్పెషలిస్టు కోసం నెలలు నెలలు ఎదురుచూడాలి. రెండు మూడు వందల పౌండ్లు పోసి ప్రైవేటులో చూపించుకుని ఉత్తరం తెచ్చినా, కొన్ని సర్జరీలు మేం రాయమంటాయి. ప్రైవేటుకి వెళ్ళే ముందే, 'వాళ్ళు చెప్పింది మీరు కొనసాగిస్తారా' అని జీపీని అడిగి వెళ్ళండి.

పెద్దమ్మలకి ఒక మాట. అరవై, డెబ్బై ఏళ్ళ వయసులో మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్, మళ్ళీ మళ్ళీ యాంటీబయాటిక్స్. దీనికి లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీమో, చిన్నమాత్రో ఉంది. ఒంట్లోకి ఎక్కేది చాలా తక్కువ, ప్రొజెస్టరాన్ కలపక్కర్లేదు, ఎక్కువమందికి సురక్షితం. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వచ్చేవాళ్ళకి దీన్ని ఆలోచించమని మార్గదర్శకాల్లో ఉంది. 2022 సెప్టెంబరు నుంచి జినా అనే పేరుతో ఒక రకం, నెలసరి ఆగి ఏడాది దాటిన 50 ఏళ్ళ పైవాళ్ళకి, చీటీ లేకుండానే మా దగ్గర దొరుకుతోంది. అయితే అరవై దాటిన మీకు జీపీ రాస్తే ఉచితం, ముందు అక్కడే అడగండి. అందరి ముందు చెప్పలేకపోతే 'లోపల మాట్లాడాలి' అనండి. దాదాపు ప్రతి మందుల షాపులో పక్కన ఒక చిన్న గది ఉంటుంది, అది అందుకే.

ఇక ఆఖరుగా రెండు పనికొచ్చే సంగతులు చెప్పి మైకు ఇచ్చేస్తాను. ఏడాదికోసారి బీపీ చూపించుకోలేదని రిపీట్ మందు ఆపేస్తారు. నేను చూసినంతలో చాలామందికి మందు ఆగేది కొరత వల్ల కాదు, ఈ కారణంతోనే. దానికి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడక్కర్లేదు. నలభై దాటినవాళ్ళకి చాలా మందుల షాపుల్లో బీపీ ఉచితంగా చూసి ఆ రీడింగ్ జీపీకి పంపిస్తారు. రెండోది, ఆ 19.80 సర్టిఫికెట్ ఇంకా కొననివాళ్ళు మందు డబ్బు కట్టేటప్పుడే కౌంటర్‌లో ఎఫ్‌పీ57 రసీదు అడగండి, తర్వాత అడిగితే ఇవ్వడం కుదరదు. సర్టిఫికెట్ మొదలయ్యే తేదీని నెల రోజులు వెనక్కి పెట్టుకోవచ్చు కాబట్టి, ఆ రసీదు ఉంటే కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనొచ్చు, పది నిమిషాల పని. ఫోన్‌లో కుదరనివాళ్ళు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, ఇక్కడే చేసిపెడతాను.